సొంత బుద్ధి ఉన్న కుక్క ఇంట్లో ఉంటే

పిలవగానే పరుగెత్తుకొచ్చే కుక్కలు కొన్ని ఉంటాయి. పిలిచినప్పుడు ఆగి, తల తిప్పి మన ముఖం చూసి, రావాలా వద్దా అని తనలో తాను తేల్చుకున్నాకే అడుగు వేసే కుక్కలు మరికొన్ని ఉంటాయి. అనంతపురం పాతవూరిలోని మా ఇంట్లో ఆరేళ్లుగా ఉంటున్న సివంగి ఈ రెండో కోవకు చెందినది. బుక్కరాయసముద్రం అవతల పొలాల్లో మంద ఆపుకున్న ఒక గొర్రెల కాపరి దగ్గరి నుంచి, రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు దాన్ని తెచ్చుకున్నాం. వచ్చిన మూడో రోజునే, తనకంటే పెద్దదైన గండుపిల్లి గిన్నె మీదికి వస్తే ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకుండా నిలబడిందని మా అవ్వ దానికి ఆ పేరు పెట్టింది.

దాని తల్లి చేసే పని తెలిస్తే దీని స్వభావం తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి కాపరి కంబళి కప్పుకొని పడుకున్న తరువాత, చీకట్లో అలికిడి అయితే అది తోడేలా, పక్క మంద కుక్కా, దారి తప్పిన మేకా అన్నది కుక్కే తేల్చుకోవాలి. యజమానిని లేపి, ఏం చేయమంటావని అడిగే వ్యవధి అక్కడ ఉండదు. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి వేటజాతుల సంగతీ ఇంతే. కుందేలు వెంట అర కిలోమీటరు ముందు పరుగెత్తే కుక్క, వెనక ఉన్న మనిషి చెప్పేదాకా ఆగితే వేట దక్కదు. తరతరాలుగా ఇలా సొంతంగా నిర్ణయాలు తీసుకున్న కుక్కలనే మనవాళ్లు మెచ్చి పెంచుకున్నారు. ముధోల్, రాజపాళయం జాతుల బొమ్మలతో 2005లో మన తపాలా శాఖ స్టాంపులు కూడా విడుదల చేసింది. అలాంటి కుక్క మన ఇంటికి వచ్చి, చెప్పిన ప్రతి మాటనూ తూకం వేసి చూస్తోందంటే అది తన వంశం చేసిన పనినే చేస్తోంది.

కాబట్టి ఇటువంటి కుక్కను లొంగదీయడం మీద శ్రమ పెట్టకుండా, మనం కోరిన పనే దానికి లాభసాటిగా కనిపించేలా ఇంటిని, రోజును అమర్చుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఆ ఒక్క ఆలోచన నుంచి వచ్చినవే. సొంత బుద్ధి గల కుక్క కావాలని సైబీరియన్ హస్కీని తెచ్చుకోవాలనుకునేవారికి మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను: మంచులో బండ్లు లాగడానికి పుట్టిన రెండు పొరల బొచ్చు కుక్కను నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లోకి తేవడం దాన్ని హింసించడమే. మన నేల మీద పుట్టిన నాటు కుక్కలోనే మీరు కోరుకునే చురుకు, తెలివి, పట్టుదల అన్నీ ఉన్నాయి.

ముందు ఇంటిల్లిపాదీ ఒక మాట మీదికి రావాలి

కుక్కకు నేర్పడం మొదలుపెట్టేలోపు ఇంట్లోవాళ్లందరూ కూర్చొని మాట్లాడుకోవాలి. మంచం ఎక్కవచ్చా, వంటింట్లోకి రావచ్చా, మనం తింటున్నప్పుడు దానికి పెట్టవచ్చా అన్న మూడు ప్రశ్నలకు అందరూ ఒకే జవాబు చెప్పగలగాలి. ఆ జవాబు ఏదైనా ఫరవాలేదు, మనిషికొక తీరుగా మారకపోతే చాలు. మా ఇంట్లో మొదటి రెండు నెలలు నేను మంచం మీది నుంచి దించేవాణ్ని, మధ్యాహ్నం పూట అవ్వ పక్కన పడుకోబెట్టుకునేది. దానివల్ల సివంగికి అర్థమైంది ఏమిటంటే, మంచం ఎక్కకూడదన్నది నియమం కాదు, అడిగి చూడదగ్గ విషయం. పదిసార్లలో రెండుసార్లు ఫలించే ప్రయత్నాన్ని ఏ జీవీ మానుకోదు, అందులోనూ పట్టుదల గల కుక్క అసలే మానుకోదు. చివరికి పడసాలలోని అవ్వ నులకమంచం ఎక్కవచ్చు, మిగతా మంచాలు ఎక్కకూడదు అని అందరం ఒప్పుకున్నాం. అవ్వతో సహా అందరం ఆ మాట మీద నిలబడ్డాక, మూడు వారాల్లో ఆ గొడవ తీరిపోయింది.

మాటల ఎంపిక ఇంకా ముఖ్యం. మన రాయలసీమ ఇళ్లలో 'రా' అన్న శబ్దం ఎన్నిసార్లు వినపడుతుందో ఒక గంట సేపు లెక్కపెట్టి చూడండి. 'ఏమిరా', 'తిన్నావారా', 'పోదాం రా', 'వానికి చెప్పురా' అంటూ పిల్లలతోనూ, స్నేహితులతోనూ, ఫోనులోనూ ప్రతి వాక్యం చివరా అదే ఉంటుంది. ఆ శబ్దం వినిపించిన ప్రతిసారీ లేచి రావాలంటే కుక్కకు రోజంతా అదే పని అవుతుంది. అందుకని మొదటి వారంలోనే అది 'రా'ను పట్టించుకోనక్కరలేని శబ్దాల్లో కలిపేస్తుంది. 'దా' అన్న మాటకూ అదే గతి పడుతుంది. తీరా వీధిలో బండి ఎదురొస్తున్నప్పుడు మనం ఎంత గొంతు చించుకున్నా ఆ మాటకు విలువ ఉండదు. మేము ఆ రెండు మాటలూ మానేసి, కాపరులు వేసే తీరులో రెండు విరుపుల ఈలను ఎంచుకున్నాం. ఈల వేయలేని అవ్వ కోసం 'తాయిలం' అన్న మాటను ఖాయం చేశాం. ఆ ఈలను గానీ, ఆ మాటను గానీ కుక్కను పిలవడానికి తప్ప మరెందుకూ ఇంట్లో వాడకూడదన్నది పిల్లలకు కూడా కంఠస్థమైంది.

కూర్చో, ఆగు, వదులు, దిగు అనే మరో నాలుగు మాటలు చాలు. వాటిని ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటిస్తే, ఒకరు 'కూర్చో' అని, ఒకరు 'కూచో' అని, ఇంకొకరు 'సిట్' అని చెప్పే అయోమయం తప్పుతుంది. ప్రతి మాటకూ ఒక చేతి సైగ జోడించండి. కుక్కలు మాటకంటే సైగను త్వరగా పట్టుకుంటాయి, డప్పుల మోతలో కూడా సైగ పనిచేస్తుంది. ఇక 'వద్దు' అన్న మాటను పొదుపుగా వాడాలి. వద్దు అన్నప్పుడు ఏది మానాలో కుక్కకు తెలుస్తుందేమో గానీ, దాని బదులు ఏం చేయాలో తెలియదు. చెప్పు కొరుకుతున్న పిల్లకు 'వద్దు' అని పదిసార్లు అనడం కంటే, 'వదులు' అని చెప్పి, వదిలిన క్షణంలో దాని తాడుముక్కను నోటికి అందించడం మేలు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి కాబట్టి ఆ కాలంలో అది ఏదో ఒకటి కొరకక తప్పదు.

తాయిలం ఇవ్వడంలో వేళ ముఖ్యం, పరిమాణం కాదు. కుక్క మనం కోరిన పని చేసిన ఒకటి రెండు సెకన్లలోపు అది నోటికి అందాలి. అంతకంటే ఆలస్యమైతే ఆ మధ్యలో చేసిన మరో పనికి బహుమతి దొరికిందని అనుకుంటుంది. శనగగింజంత ఉడికిన కోడి కాలేయం ముక్క, గుడ్డు ముక్క, చిన్న క్యారెట్ ముక్క ఏదైనా సరిపోతుంది. ఒక్కో పాఠం ఐదు నిమిషాలు మించకుండా, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టుకోండి. సొంత బుద్ధి గల కుక్క ఒకే పనిని ఎనిమిదోసారి చేయమంటే లేచి వెళ్లిపోతుంది. అది వెళ్లిపోయేలోపే పాఠం ముగించడం నేర్పేవారి బాధ్యత.

దెబ్బ గురించి కూడా చెప్పాలి. మనం బయటికి వెళ్లి వచ్చేసరికి దిండు చింపి ఉంటే, కుక్క తలదించుకొని, చెవులు వెనక్కి వాల్చి, ఓరగా చూస్తుంటే, తప్పు చేసినట్టు దానికి తెలుసని చాలామంది అంటారు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని పరీక్షించి చూశారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ చూపుకు సంబంధం లేదని, యజమాని తిట్టినప్పుడే అది కనబడుతోందని ఆమె తేల్చారు. అంటే అది మన కోపాన్ని చూసి భయపడుతోంది, అంతే. గంట కిందట చింపిన దిండుకు ఇప్పుడు కొడితే, ఇంటికి వచ్చే మనిషి ప్రమాదకరమని మాత్రం నేర్చుకుంటుంది. మెత్తని స్వభావం గల కుక్క ఆ భయంతో ముడుచుకుపోతుంది, సివంగి లాంటిది ఏదో ఒక రోజు ఎదురు తిరుగుతుంది.

పిలిస్తే రావడం

ఇది అన్నిటికంటే కష్టమైన పాఠం, ప్రాణం కాపాడే పాఠం కూడా. మొదటి వారం ఇంట్లోనే, నాలుగడుగుల దూరం నుంచి ఈల వేసి, రాగానే తాయిలం ఇవ్వండి. అది అలవాటయ్యాక ఒక గది నుంచి మరో గదికి, ఆ తరువాత మిద్దె మీదికి, ఆ తరువాత మనుషులు లేని ఖాళీ స్థలానికి పాఠాన్ని మార్చండి. చోటు మారిన ప్రతిసారీ పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలైనట్టే భావించి, దూరం తగ్గించి, తాయిలం విలువ పెంచాలి. ఆరుబయట నేర్పేటప్పుడు పది మీటర్ల నూలుతాడు కట్టి నేల మీద వదిలేయండి. దాన్ని లాగడానికి వాడకూడదు, పారిపోకుండా కాలితో తొక్కి పట్టడానికే ఉంచుకోవాలి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు యవ్వనంలో నేర్చినదంతా మరిచిపోయినట్టు ప్రవర్తిస్తుంది. అప్పుడు నిరాశపడకుండా తాడును మళ్లీ బయటికి తీయండి.

పిలిచి చెడు చేయకూడదన్నది నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. స్నానానికి, మందు వేయడానికి, గోళ్లు కత్తిరించడానికి, తిట్టడానికి ఎప్పుడూ ఆ ఈల వేయకండి, మీరే దాని దగ్గరికి వెళ్లండి. మైదానంలో ఆడుకుంటున్నప్పుడు ఇంటికి వెళ్లే ముందు మాత్రమే పిలిస్తే, ఈల అంటే ఆట ముగియడమని అర్థం చేసుకుంటుంది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తాయిలం ఇచ్చి 'పో' అని మళ్లీ ఆటకు వదలండి. తిరిగి వదలడం కూడా ఒక బహుమతే.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. సివంగికి పది నెలల వయసప్పుడు ఒక తెల్లవారుజామున పాలబ్బాయికి గేటు తీసిన సందులోంచి అది వీధిలోకి జారుకుంది. పిల్లలు అరుస్తూ వెంటపడ్డారు. అది పది గజాలు పరుగెత్తి ఆగుతుంది, ముందు కాళ్లు వంచి తోక ఊపుతుంది, పిల్లలు దగ్గరికి రాగానే మళ్లీ పరుగెడుతుంది. వెంటపడడమంటే దానికి ఆట, ఆ ఆటలో మనిషి ఎన్నడూ గెలవడు. నేను పిల్లలను ఆపి, దానికి వీపు చూపి, ఇంటి వైపు నాలుగడుగులు పరుగెత్తి, అరుగు దగ్గర నేల మీద కూర్చొని, చేతిలో ఏదో ఆసక్తిగా వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. అర నిమిషంలో దాని మూతి నా మోచేతి కింద దూరింది. ఒక్క మాట కూడా అనకుండా బెల్టు పట్టుకొని, ఇంట్లోకి తీసుకెళ్లి గుడ్డు పెట్టాను. తప్పించుకున్నందుకు గుడ్డు పెడతారా అని పాలబ్బాయి అడిగాడు. గుడ్డు పెట్టింది తిరిగి వచ్చినందుకు. ఆ వారమే గేటుకు లోపల మరో చిన్న తడిక తలుపు కట్టించాం, ఒకటి మూసిన తరువాతే రెండోది తీయాలన్న నియమం పెట్టుకున్నాం. గడప దగ్గర కూర్చుంటేనే తలుపు తెరుచుకుంటుందన్నది దానికి ఆ తరువాత నేర్పాం.

నడక, ఎండ

సివంగిని మొదట్లో వేగంగా నడిపించడానికి ప్రయత్నించి, అది ప్రతి స్తంభం దగ్గరా ఆగుతుంటే గొలుసు లాగేవాణ్ని. అది సరైన పద్ధతి కాదు. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు యాభై అరవై లక్షలైతే కుక్క ముక్కులో కోట్ల సంఖ్యలో ఉంటాయి. రాత్రి ఎవరు వచ్చారు, ఎటు వెళ్లారు, ఏ కుక్క ఎదకు వచ్చింది అన్న వార్తలన్నీ అది ఆ స్తంభం దగ్గరే చదువుకుంటుంది. ఇరవై నిమిషాలు తీరిగ్గా వాసన చూడనిస్తే, హాయిగా అలసి ఇంటికి వచ్చి నిద్రపోతుంది. వారానికి రెండు రోజులు ఏ సందులోకి వెళ్లాలో దాన్నే ఎంచుకోనివ్వండి. రోజులో కొన్ని నిర్ణయాలు తన చేతిలో ఉన్న కుక్క, మిగతా నిర్ణయాలను మనకు సులువుగా వదిలేస్తుంది.

మెడకు బిగుసుకునే గొలుసు వాడకండి. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్, రెండు మీటర్ల పట్టీ మంచివి. వీధికుక్కలు ఎదురైతే పట్టీ బిగించి లాగడం వల్ల మన కుక్క ఒంట్లో బిగువు పెరిగి పోట్లాటకు దారి తీస్తుంది. దూరం నుంచే గమనించి, పట్టీని వదులుగా ఉంచి, రోడ్డుకు అవతలి వైపు నుంచి వంపుగా దాటిపోవాలి.

మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఏడు దాటాక, సాయంత్రం పొద్దు గూకేలోపు నడక పెట్టుకోకూడదు. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్క పాదాలకు కూడా పనికిరాదు. తాడిపత్రి నల్లబండలు పరిచిన మిద్దె పొద్దు గూకిన రెండు గంటల తరువాత కూడా కాలుతూనే ఉంటుంది. అవే బండలు ఇంటి లోపల చల్లగా ఉంటాయి కాబట్టి వేసవి మధ్యాహ్నాల్లో కుక్క అక్కడ బోర్లా పడుకుంటుంది, దాన్ని కదిలించకండి. నీళ్లు స్టీలు గిన్నెలో కాకుండా నీడన పెట్టిన మట్టి తొట్టిలో పోస్తే చల్లగా ఉంటాయి.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. దానికి చెమట పట్టేది దాదాపుగా అరికాళ్లలో మాత్రమే, మిగతా వేడినంతా రొప్పుతూ నాలుక ద్వారానే వదలాలి. విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగి, చొంగ చిక్కగా కారి, నడక తూలితే అది వడదెబ్బ. 105 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే నీడకు తెచ్చి, ఒంటి మీద ధారగా నీళ్లు పోస్తూ ఫ్యాను కింద ఉంచి, ఆ తరువాతే పశువుల ఆసుపత్రికి బయలుదేరాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మే నెల మధ్యాహ్నం కాగుతూ ఉంటాయి, కాబట్టి కుళాయి విప్పకుండా కుండలోని నీళ్లు వాడండి. తడిగుడ్డ చుట్టి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది.

చేతికి పని

ఖాళీగా ఉన్న తెలివైన కుక్క తన పని తాను వెతుక్కుంటుంది, అది మనకు నచ్చే పని కాకపోవచ్చు. సివంగి పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో గుంతలు తవ్వేది. ఎంత మందలించినా ఫలితం లేకపోయేసరికి, పెరటి మూలన మూడడుగుల మేర ఇటుకలు పేర్చి ఇసుక పోయించాం. రోజూ పొద్దున అందులో ఎండిన రొట్టె ముక్కలో, దాని తాడుముక్కో పాతిపెట్టేవాళ్లం. నాలుగు రోజుల్లో కరివేపాకు చెట్టును వదిలిపెట్టింది, ఎందుకంటే అక్కడ తవ్వితే ఏమీ దొరకదు, ఇక్కడ దొరుకుతుంది. పాత గోనెసంచిని మడతలు పెట్టి, మడతల్లో దాని తిండిలో ఒక పిడికెడు దాచి ఇవ్వడం మరో మంచి పని. ఇంట్లోవాళ్లంతా బయటికి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ గోనెసంచి ఇచ్చి, ఎలాంటి వీడ్కోలు హడావుడీ లేకుండా వెళ్లిపోవాలి. పిల్లగా ఉన్నప్పుడే రెండు నిమిషాలతో మొదలుపెట్టి, రోజురోజుకూ సమయం పెంచుతూ ఒంటరితనం అలవాటు చేయాలి.

తిండి

అవ్వ కలిపే రాగిసంగటి సివంగికి ప్రాణం. సంగటి మంచిదే, కానీ అదొక్కటే సరిపోదు. కుక్కకు మాంసకృత్తులు ఎక్కువగా కావాలి కాబట్టి సంగటిలో ఉడికించిన గుడ్డు, కోడి మాంసం, కొంచెం గుమ్మడికాయ కలపాలి. పెద్ద కుక్కకు రోజుకు రెండు పూటలు చాలు. గిన్నె పెట్టి పావుగంట తరువాత, తిన్నా తినకపోయినా తీసేయండి. బతిమాలి పెట్టడం మొదలుపెడితే, తినకుండా ఉంటే ఇంకా మంచిది వస్తుందని ఇటువంటి కుక్క మూడు రోజుల్లో నేర్చుకుంటుంది.

మనం ఇష్టంగా తినే నాటుకోడి పులుసు దానికి మూడు రకాలుగా చెడుపు చేస్తుంది. ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, ఉల్లి వెల్లుల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, కారం కడుపును పాడు చేస్తుంది. మసాలా వేయకముందే నాలుగు మెత్తటి ముక్కలు విడిగా ఉడికించి తీసి పెట్టుకోవాలి. చింతపండు సంగతి ఇంకా చాలామందికి తెలియదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కల మూత్రపిండాలు చెడిపోవడానికి కారణం అందులోని టార్టారిక్ ఆమ్లమని విషవైద్య నిపుణులు 2021 నుంచి చెబుతున్నారు, అదే ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంది. కాబట్టి పులుసన్నం, పులిహోర మిగిలినా గిన్నెలో వేయకండి. చాక్లెట్ కూడా విషమే. శెనక్కాయలు పండే మన జిల్లాలో మరో జాగ్రత్త అవసరం: బూజు పట్టిన కాయల్లో తయారయ్యే అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని నాశనం చేస్తుంది. ఏరి పారేసిన పుచ్చు కాయలను దానికి అందే చోట పోయకూడదు. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు ఎంత చిన్న ముక్కైనా వేయకండి.

టీకాల విషయంలో వాయిదా వద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధుల టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి పదహారు వారాల వరకు వేయించాలి. రేబిస్ టీకా మూడో నెలలో వేయించి, ఆ తరువాత పశువైద్యులు చెప్పిన ప్రకారం ఏటా కొనసాగించాలి. లూయీ పాశ్చర్ 1885లో తొలిసారిగా ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన జూలై 6వ తేదీన మన ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా ఆ టీకా వేస్తారు. టీకా వేయించిన కుక్క పన్ను గీరినా సరే, గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పిడుదులు రాతిగోడల సందుల్లో గుడ్లు పెడతాయి కాబట్టి కుక్క ఒంటిమీదివి ఏరితే సరిపోదు, గోడల సందులు కూడా పూడ్పించాలి. చిగుళ్లు పాలిపోయి, తిండి మానేసి, ముక్కు నుంచి రక్తం కారితే పిడుదుల జ్వరమేమో రక్తపరీక్ష చేయించండి. పిల్లలు వద్దనుకుంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం మంచిది, ఎదకు వచ్చిన కుక్క ఎంత ఎత్తు గోడైనా దాటడానికి చూస్తుంది.

పిల్లలు, చుట్టాలు, పండుగలు

మొరిగే కుక్క కరవదన్న సామెతను పిల్లలకు నేర్పకండి. మొరిగే కుక్క కూడా కరుస్తుంది. పిల్లలకు నేర్పవలసింది కరవడానికి ముందు కుక్క ఏం చెబుతుందో చదవడం: ఒళ్లు బిగుసుకోవడం, తల అటు తిప్పుకొని కనుగుడ్డు తెల్లభాగం కనబడేలా చూడడం, ఆకలి లేకుండా పెదవులు నాకడం, నిద్ర లేకుండా ఆవులించడం. ఆ తరువాత వచ్చేది గుర్రుమనడం. గుర్రుమన్నందుకు కొట్టకూడదు. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా పళ్లు దింపుతుంది. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు తాకకూడదని, మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోకూడదని, దాన్నే తమ దగ్గరికి రానివ్వాలని మా పిల్లలిద్దరికీ నేర్పాం. చిన్న పిల్లలను, కుక్కను ఒంటరిగా ఒకే గదిలో వదలకూడదు.

బొట్టు పెట్టి పెళ్లికి పిలవడానికి వచ్చేవాళ్లందరూ కుక్కను ఇష్టపడరు, ఇష్టపడాల్సిన అవసరమూ లేదు. చుట్టాలు వచ్చేముందే దాన్ని వెనక గదిలో గోనెసంచితో కూర్చోబెట్టి, అందరూ కుదురుగా కూర్చున్నాక పట్టీతో తీసుకురండి. ఎవరూ దాని కళ్లలోకి చూడకుండా, పిలవకుండా ఉంటే ఒక్కొక్కరినీ వాసన చూసి అదే పడుకుంటుంది.

దీపావళి టపాసులకు, పీర్ల పండుగ రాత్రుల్లో మా వీధిలో మోగే డప్పులకు ధైర్యమైన కుక్క కూడా బెదిరిపోవచ్చు. పండుగకు నెల ముందు నుంచే ఫోనులో ఆ శబ్దాలను చాలా చిన్నగా వినిపిస్తూ, తింటున్నప్పుడు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఆ రాత్రి కిటికీలు మూసి, ఫ్యాను వేసి, కిటికీ లేని గదిలో దాని పక్క వేసి, ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి. భయపడుతున్నప్పుడు నిమిరితే భయం ఎక్కువవుతుందన్నది నిజం కాదు. బెల్టుకు ఫోను నంబరు చెక్కిన బిళ్ల ఆ రోజుల్లో తప్పనిసరిగా ఉండాలి.

ఇప్పటికీ వారానికొకసారి సివంగిని బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదికి తీసుకెళతాను. నాగుపాములు, రక్తపింజరలు తిరిగే చోటు కాబట్టి గడ్డిలోకి వదలకుండా, పది మీటర్ల తాడుతోనే నడుస్తాం. కిందటి నెలలో ఒక సాయంత్రం కట్ట దిగువన గొర్రెల మంద వెళుతోంది. సివంగి తాడు చివరన నిలబడిపోయింది, చెవులు నిక్కబొడిచింది, తోక కదలడం ఆగింది. అలాంటప్పుడు ఈల వేయకూడదు, ఎందుకంటే రాదని మనకు తెలిసినప్పుడు వేసిన ప్రతి ఈలా, ఆ ఈలకు రానక్కరలేదని నేర్పుతుంది. తాడును వదులుగా పట్టుకొని ఊరకే నిలబడ్డాను. మంద సగం దాటేదాకా, రెండు మూడు నిమిషాలు అది కదల్లేదు. ఆ తరువాత ఒక చెవి నా వైపు తిరిగింది, తల తిరిగింది. తల తిరిగిన ఆ క్షణంలో ఈల వేశాను. పరుగెత్తి రాలేదు, నింపాదిగా నడిచి వచ్చింది. గుడ్డు ముక్క పెట్టి, 'పో' అన్నాను. వెనక్కి వెళ్లి అదే చోట నిలబడి, ఆఖరి గొర్రె మలుపు తిరిగేదాకా చూసింది.